మాట అందని చోట మత్తు పెరుగుతోంది

వెంటిలేటర్ మీదున్న రోగికి ఎక్కించే మత్తు మందు గుండె మీద, రక్తనాళాల మీద ఎంత భారం వేస్తుందో కోవిడ్ రోజులు చూసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ మత్తు మందుల్లో ప్రొపొఫాల్ రక్తనాళాలను సడలించి బీపీని పడగొడుతుంది, డెక్స్‌మెడెటోమిడిన్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. 2019లో వెలువడిన స్పైస్-3 అధ్యయనంలో సుమారు 4,000 మంది రోగులను పరిశీలిస్తే, డెక్స్‌మెడెటోమిడిన్ ఇచ్చినవారిలోనూ మామూలు మత్తు ఇచ్చినవారిలోనూ 90 రోజుల్లో మరణాలు ఒకేలా 29.1 శాతం ఉన్నాయి. గుండె వేగం, బీపీ పడిపోవడం మాత్రం డెక్స్‌మెడెటోమిడిన్ వాడినవారిలోనే ఎక్కువ. అందుకే ఏ మందు మేలన్న చర్చ కంటే, ఎంత ఇస్తున్నాం, దేన్ని చూసి పెంచుతున్నాం అన్న ప్రశ్న నాకు ముఖ్యం.

మత్తు లోతును కొలిచే రాస్ కొలమానం ప్లస్ 4 నుంచి మైనస్ 5 దాకా ఉంటుంది; ప్లస్ వైపు ఆందోళన, మైనస్ వైపు వెళ్ళేకొద్దీ మత్తు లోతు. రోగిని పేరు పెట్టి పిలిచి, కళ్ళు తెరిచి తనవైపు చూడమని నర్సు చెబుతుంది. చూపు 10 సెకన్లు నిలిస్తే మైనస్ 1, ఒళ్ళు కదిలినా చూపు కలవకపోతే మైనస్ 3. అయోమయాన్ని పరీక్షించేటప్పుడు ఆంగ్ల అక్షరాలు వరుసగా చదువుతూ 'ఏ' వినబడినప్పుడల్లా చెయ్యి నొక్కమంటారు. ఈ కొలతలన్నీ రోగికి మాట అర్థమవుతుందన్న నమ్మకం మీద నిలిచినవి. ఒడిశాలోని గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో తెలుగు తప్ప మరో మాట ఎరగని ముసలమ్మకు ఒడియాలో ఆదేశమిచ్చి, ఆమె అందుకోకపోతే ఆ అంకె దేన్ని కొలిచినట్టు?

రెండేళ్ళ కిందట మా మేనత్త బరంపురంలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉన్నప్పుడు కుడిచేతిని పదేపదే మెడదాకా తెచ్చేది. ఊపిరి గొట్టం లాగేస్తుందన్న భయంతో నర్సు ఒడియాలో వారించింది. ఆగకపోయేసరికి పంపులో మత్తు పెంచారు. అరగంటలో మానిటర్ మీద బీపీ 78కి దిగింది, దాన్ని నిలబెట్టడానికి నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టారు. మర్నాడు మందు తగ్గించిన వేళ నన్ను లోపలికి పిలిచారు. "అత్తా, గొంతులో గొట్టముంది, అందుకే మాట రావడం లేదు, భయపడకు" అంటే కళ్ళు తెరిచి నన్నే చూసింది. ఆ వేళ్ళు వెతుకుతున్నది దుప్పటి అంచు కోసం. ఏసీ చలికి మెడదాకా కప్పుకోవాలని ఆమె ఆరాటం. నేను కప్పాక చెయ్యి కదలలేదు. మూడు మంచాలు ఒంటిచేత్తో చూస్తున్న ఆ నర్సును నేను తప్పుపట్టను.

మత్తు తగ్గితే రోగి గొట్టం పీకేసుకుంటాడని, ఆందోళన కూడా గుండెకు చేటేనని వైద్యులు అంటారు. నిజమే, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవారికి లోతైన మత్తు తప్పదు. అయితే మిగతావారికి తేలికపాటి మత్తే మేలని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి.

1936 ఏప్రిల్ 1న భాష ప్రాతిపదికగా ఒడిశా ఏర్పడింది. ఆ గీతకు ఇవతల మిగిలిన తెలుగువారికీ, వైద్యం కోసం విశాఖకు వెళ్ళే ఒడియా, కువి, సవర మాటలవారికీ ఐసీయూలో ఎదురయ్యేది ఒకే గోడ. కేస్ షీటులో రోగి భాష రాయడానికి ఒక గడి కావాలి. నొప్పి, చలి, దాహం, భయం లాంటి పది మాటలు ఆ భాషలో రాసిన అట్టముక్క మంచానికి కట్టాలి. మత్తు తగ్గించే ఆ పావుగంట ఇంటి మనిషిని పక్కన నిలబడనివ్వాలి. పంపు మీట నొక్కే ముందు, ఈ రోగితో ఆమె భాషలో ఎవరైనా మాట్లాడారా అని డ్యూటీ డాక్టరు అడగాలి, ఆ జవాబును మోతాదు పక్కనే రాయాలి.