గ్యాస్ మంటతో కత్తికి పదును రాదు

‘సానతో పనిలేదు, కత్తికి ఇంట్లోనే పదును’ అనే మెసేజ్ తిరుపతిలో మాకు తెలిసిన గ్రూపులన్నీ చుట్టేసింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది. నిన్న ఇంజనీరింగ్ చదివిన ఫ్రెండ్ ఒకడు ‘చాలా ఉపయోగం, అందరికీ పంపండి’ అని కలిపి మరీ పంపాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

ఉప్పు, నిమ్మచెక్కతో రుద్దమన్నారు. మరక పోతుంది, పదును రాదు. ఇనుప కత్తయితే తుప్పు కూడా పడుతుంది.

అల్యూమినియం ఫాయిల్ మడతపెట్టి కోయమన్నారు. ఫాయిల్ తెగుతుంది. మొద్దుబారిన అంచు మళ్లీ సన్నబడాలంటే ఉక్కు అరగాలి, దానికి ఫాయిల్ చాలదు.

నాకు ఒళ్లు మండింది మూడోదానికి. ‘కత్తిని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి, వేడి మీదే గ్రానైట్ గట్టుకు రుద్దండి, బ్లేడులా తెగుతుంది’ అట! కత్తి చేసేటప్పుడు ఉక్కును బాగా కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు. అప్పుడది గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసుదనం తగ్గడానికి మళ్లీ కొంచెం వేడి చేస్తారు. వంటింటి కత్తులకు చాలావరకు 150 నుంచి 250 డిగ్రీలు. పదును నిలిచేది ఈ లెక్క వల్లే. మంట మీద పెడితే, అంచు సన్నగా ఉంటుంది కాబట్టి క్షణాల్లో ఆ హద్దు దాటిపోతుంది. మామూలు ఇనుప కత్తి మీద ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఊదా, నీలం వస్తాయి. నీలం అంటేనే దాదాపు 300 డిగ్రీలు. ఎర్రబడిందంటే 500 ఎప్పుడో దాటింది. అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. తర్వాత ఎంత నూరినా ఆ అంచు నిలవదు, ఏ సానరాయీ దాన్ని బాగుచేయలేదు. పైగా ప్లాస్టిక్ పిడి కరిగి ఎవరిదో చేయి కాలుతుంది. ఇది వంటింట్లో ఉన్న పెద్దమ్మకు పంపే ముందు ఒక్క నిమిషం ఆలోచించరా?

ఆ గట్టు సంగతి కూడా చెప్పాలి. కుప్పం గ్రానైటే అయినా, పాలిష్ చేసిన రాయి మీద రుద్దితే అంచు వాలిపోతుంది, పదునెక్కదు. చాలా ఇళ్లలో కత్తులు మొద్దుబారేదే ఆ గట్టు మీద కూరలు తరగడం వల్ల. చెక్క పలక వాడండి.

నాలుగోది, ‘సానరాయి మీద గట్టిగా అదిమి పదిసార్లు లాగితే చాలు’. బలంతో పనిలేదు, కోణం ముఖ్యం. గరుకుదనాన్ని చెప్పే నంబరు 1000 ఉన్న సానరాయి తీసుకుని తడపండి. కత్తిని రాయి మీద నిటారుగా నిలబెట్టి, సగం వంచి, అందులో మళ్లీ సగం వంచితే 22 డిగ్రీలు. ఇంకాస్త దించి, పిడి దగ్గర నుంచి మొన దాకా ఆ వాలు మారకుండా నూరాలి. ఒకవైపు నూరుతుంటే అవతలివైపు అంచున కంటికి ఆనని గరుకు లేస్తుంది. బొటనవేలిని కత్తి వెన్ను నుంచి అంచు వైపుకు మెల్లగా జరిపితే కొసన పట్టుకున్నట్టు తగులుతుంది. అంచు పొడవునా వేలు జరపకండి, తెగుతుంది. గరుకు అంచంతా వచ్చాకే రెండోవైపు తిప్పాలి. పదిసార్లకు రావచ్చు, యాభైకి రావచ్చు. రెండువైపులా అయ్యాక తేలిగ్గా అటొకసారి ఇటొకసారి లాగి ఆ గరుకు తీసేయాలి. తర్వాత మదనపల్లె టమోటా మీద పెట్టి, అదమకుండా లాగి చూడండి. తోలు నలగకుండా తెగితే పదును వచ్చినట్టే.

‘మొండికత్తి పెద్దవాళ్లకు సేఫ్’ అన్నది పచ్చి తప్పు. తెగని కత్తిని అదిమి కోయాలి. అదిమిన కత్తి ఉల్లిపాయ పొర మీద జారితే నేరుగా ఎడమచేతి వేళ్ల మీదికే వస్తుంది.

చివరిది, కప్పు అడుగున నూరమన్నది మాత్రం నిజం. పింగాణీ కప్పు అడుగున మెరుపుపూత లేని గరుకు అంచు ఉక్కుకంటే గట్టిది, కత్తిని నిజంగానే అరగదీస్తుంది. రాయి దొరకని రోజు కప్పు బోర్లించి, అదే వాలులో, తేలిగ్గా నూరుకోండి. తర్వాత కప్పునూ కత్తినీ కడగండి, ఉక్కు పొడి ఉంటుంది.