మూడు డెసిబెల్స్ తక్కువైన మనిషి

కోచింగ్ సెంటర్ల గడ్డ అని పేరున్న మనకు, తప్పితేనే నెగ్గినట్టయ్యే పరీక్ష ఒకటుందని ఇంతవరకు ఎవరూ చెప్పకపోవడం విచారకరం. 1924లో పారిస్‌లో మొదలైన బధిరుల ఒలింపిక్స్‌లో, అంటే ఇప్పటి డెఫ్లింపిక్స్‌లో ఆడాలంటే, మెరుగైన చెవిలో కూడా కనీసం 55 డెసిబెల్స్ వినికిడి లోపం ఉండాలి. అభ్యర్థిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇస్తారు. కూత వినపడగానే నొక్కాలి. వినపడినా నొక్కకుండా కూర్చుంటే? అంతటి నిగ్రహానికి విడిగా ఒక పతకం ఇవ్వాలని నా మనవి. అయితే బెరా అనే పరీక్ష ఒకటి కాచుకుని ఉంటుంది. అది తలకు ఎలక్ట్రోడ్లు అంటించి చెవి నాడినే వాంగ్మూలం అడుగుతుంది. మనిషి నిద్రలో ఉన్నా నాడి నిజం చెప్పేస్తుంది.

ఇంత అనుమానం అవసరమా అనేవారు 2000 సిడ్నీ పారాలింపిక్స్‌ను గుర్తు చేసుకోవాలి. మేధో వైకల్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్‌లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులో, 12 మందికి 10 మంది నిక్షేపంగా ఉన్నవారేనని తేలింది. దాంతో ఏ పాపం ఎరుగని దేశాల క్రీడాకారులకు కూడా 2012 లండన్ దాకా మేధో వైకల్య విభాగపు పోటీలే లేకుండా పోయాయి. శిక్షను ఇంత సమానంగా పంచిన న్యాయం అరుదు.

పోటీలో శ్రవణ యంత్రాలు తీసేయాలి. పరుగు పందేనికి తుపాకీ మోత బదులు దీపం వెలుగుతుంది. అంతా సబబే. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ 2025 టోక్యో డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచినది ఈ నిబంధనల కిందే. ఒక్క చిక్కు మాత్రం తీరలేదు. వినికిడి ఉన్న షూటర్లు డబ్బు పెట్టి కొన్న ప్లగ్గులు చెవుల్లో కుక్కుకుని మరీ గురి చూస్తారు. వారిని అనుమానించిన కమిటీ ఏదీ లేదు.

ఇక మన 2016 వికలాంగుల హక్కుల చట్టం. వినికిడి లోపమని ఒప్పుకోవాలంటే అది రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ అడుగుతుంది. 57 ఉన్న మనిషి సంగతేమిటి? టోక్యోలో బధిరుడు, ఇక్కడి కార్యాలయంలో సలక్షణంగా వినపడేవాడు. జపాన్ విమానం ఎక్కవచ్చు కానీ, బస్సు పాసుకు ధ్రువపత్రం పుట్టదు. చట్టాన్ని సవరించడం బహుకాలపు పని కనుక, ఆ మూడు డెసిబెల్స్ ఆయనే సమకూర్చుకోవడం మేలు. పెళ్లిళ్ల సీజన్‌లో ఊరేగింపు డీజే బాక్సుల పక్కన నిలబడితే చాలు, దరఖాస్తు రుసుము కూడా ఉండదు.