మాక్ పోలింగ్‌నే ఖాయం చేయండి

పోలింగ్ రోజు తెల్లవారి ఐదున్నరకి మా పర్లాకిమిడిలో ఒక ఎన్నిక జరుగుతుంది. ఓటింగ్ యంత్రం సరిగా లెక్కిస్తోందో లేదో అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట చూసే ఉత్తుత్తి ఓటింగు అది, మాక్ పోలింగ్ అంటారు. అంత మర్యాదైన ఎన్నిక నేను ఇంకెక్కడా చూడలేదు. ఏడు కొట్టకముందే దాని ఫలితాన్ని చెరిపేస్తారు. ఈ అన్యాయం మీద ఇంతవరకు ఒక్క ధర్నా జరగలేదు.

మా బావ ఓసారి స్వతంత్రుడిగా నిలబడితే నేను ఏజెంటుగా కూర్చున్నాను. కాబట్టి నన్ను నిపుణుడి కిందే లెక్కించాలి.

యంత్రానికి అంతకుముందే బోలెడు పరీక్షలు అయిపోతాయి. తయారుచేసిన సంస్థ ఇంజనీర్లు వచ్చి పార్టీల వాళ్ల ఎదుట తనిఖీ చేసి గులాబీ కాగితం సీలు వేస్తారు. ఆ సంస్థలు రెండే. బెంగళూరుది భారత్ ఎలక్ట్రానిక్స్, హైదరాబాదుది ఈసీఐఎల్. (1936లో ఒడిశాలో కలిసిపోయిన ఊరు మాది. అలాగని ‘మిషను తెలుగు దేశం నుంచి వచ్చింది’ అని మాత్రం బూత్‌లో అనకండి, మిగతా ఏజెంట్లు లేస్తారు.) తర్వాత అభ్యర్థుల పేర్లు ఎక్కించినప్పుడు నూటికి ఐదు యంత్రాల మీద వెయ్యేసి ఓట్లు వేసి చూస్తారు. మా అమ్మాయికి సంబంధం చూసినప్పుడు మేం అందులో పదో వంతు వాకబు చేయలేదు.

ఇక ఆ ఐదున్నర సంగతి. ముందురోజు దాకా మైకుల్లో తిట్టుకున్నవాళ్లం ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుంటాం. కనీసం యాభై ఓట్లు వేయాలి. నోటాతో సహా ఏ మీటా ఖాళీగా ఉండకూడదు. మా దగ్గర అభ్యర్థులు తొమ్మిది మంది, నోటాతో పది. ఒక్కో మీటా ఐదేసిసార్లు నొక్కాం. ఓటు ఎవరికి పడిందో చీటీ మీద అచ్చేసి చూపే పెట్టె వీవీప్యాట్. దాని అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనపడి కింద పడుతుంది. యంత్రం లెక్క ఐదు, చీటీల లెక్కా ఐదు. కవరు పంచినవాడు లేడు, కల్లు పోయించినవాడు లేడు.

అసలు ఎన్నికలో? 2019 నుంచి అసెంబ్లీ సెగ్మెంటుకి ఐదు బూత్‌ల చీటీలే లెక్కపెడుతున్నారు. అన్నీ లెక్కపెట్టాలని అడిగితే 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కుదరదంది. మాక్ పోలింగులోనో, ప్రతి బూత్‌లోనూ ప్రతి చీటీ లెక్కే! ఆ చీటీల వెనక ముద్ర కొట్టి, నల్ల కవరులో పెట్టి, దానికీ సీలు వేసి దాస్తారు. ఏది ఉత్తుత్తి ఎన్నికో మీరే చెప్పండి.

అందరికీ సమానంగా వస్తే గెలిచేదెవరని మీకు అనుమానం రావచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ ఎప్పుడో తీర్చేసింది: ఓట్లు సమానమైతే చీటీ తీయాలి. ఎవరి పేరొస్తే వారికి ఒక ఓటు ఎక్కువ వచ్చినట్టు. ఖర్చు ఒక గిన్నె, తొమ్మిది కాగితం ముక్కలు. నోటాకి గెలిచే యోగం లేదు కనుక మా బావకి తొమ్మిదింట ఒక వంతు అవకాశం.

నిజం లెక్కింపులో ఆ బూత్‌లో ఆయనకి మూడు వచ్చాయి. ఇంట్లో ఓట్లు ఆరు. అక్కని అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఆ తెల్లవారుజామున ప్రిసైడింగ్ ఆఫీసరు క్లియర్ మీట మీద వేలు పెట్టాడు. ఆకుపచ్చ సీలు మీద సంతకాలకి మేమంతా పెన్నులు తీశాం. బావ మాత్రం తెరమీది ఐదుని చూస్తూ, “ఆగ్యా, గొటే మినిట్ (అయ్యా, ఒక్క నిమిషం)” అన్నాడు.