ఉత్తరం చూపించే నాచు గారికి

నాచు గారూ,

అడవిలో దారి తప్పితే చెట్టు మీద మీరు ఏ వైపున్నారో చూసుకుంటే చాలు, అదే ఉత్తరం అని మా వాళ్లు తరతరాలుగా పిల్లలకు చెప్తూ వస్తున్నారు. తమరు ఒక్కసారైనా "బాబూ, నాకు ఆ పని రాదు" అన్న పాపాన పోలేదు.

పోనీ అది శుద్ధ అబద్ధమా అంటే కాదు, అదే వచ్చిన చిక్కు. భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన ఉన్న దేశాల్లో ఎండ దక్షిణం వైపు నుంచి పడుతుంది కాబట్టి మాను ఉత్తరపు పక్క నీడగా ఉండి తడి త్వరగా ఆరదు, మీరు అక్కడ కాస్త ఎక్కువగా చేరతారు. దక్షిణార్ధగోళంలో ఈ లెక్క తిరగబడుతుంది. ఉష్ణమండలంలో సూర్యుడు కొన్నాళ్లు ఉత్తరంగా, కొన్నాళ్లు దక్షిణంగా నడుస్తాడు, అక్కడ మీ దిక్సూచికి దిక్కే లేదు. ఇక ఎండ పొడ సోకని దట్టమైన అడవిలో మాను చుట్టూరా మీరే. మనుషులు దారి తప్పేది సరిగ్గా అలాంటి అడవిలోనే కదండీ!

అసలు మీకు కావాల్సింది నీళ్లు. మిగతా మొక్కలకుండే వేళ్లు మీకు లేవు, ఆ సన్నటి పోగులు బెరడును పట్టుకుని ఉండటానికే ఎక్కువగా పనికొస్తాయి. ఆకు చూస్తే చాలావరకు ఒకే ఒక్క కణం మందం, తాగేదంతా ఒంటితోనే తాగాలి. సంతానం కావాలన్నా తడి ఉండాల్సిందే, మగ కణం ఆడ కణం దాకా ఈదుకుంటూ వెళ్లాలి మరి. అందుకే వాన నీళ్లు జారే చార, వంగిన మాను పైభాగం, నేల చెమ్మ తగిలే మొదలు, బీటలు పడ్డ గరుకు బెరడు, ఇవీ మీ అడ్రసులు. పైబెరడు ఊడిపోయే యూకలిప్టస్ లాంటి చెట్లంటే మీకు పెద్దగా పడదు, కాపురం పెట్టేలోపే గోడ ఊడి కింద పడుతుంది.

ఎండల్లో తమరి నటన కూడా తక్కువదేం కాదు. గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే కరకరలాడుతూ, పోయారనే అనుకుంటాం. నాలుగు చుక్కలు పడితే చాలు, మెలితిరిగిన ఆకులు మా కళ్లముందే విచ్చుకుంటాయి.

చెట్టు రసం పీల్చేస్తారన్న నింద మాత్రం అన్యాయం. అద్దె కట్టరు, నిజమే, కానీ ఇంటివాళ్ల వంటింట్లో చెయ్యి పెట్టరు. మిమ్మల్ని ఇనుప బ్రష్షుతో గీకి బెరడు చీల్చేవాళ్లే చెట్టుకు అసలు టెన్షన్.

ఇకమీదట ఎవరైనా వచ్చి ఉత్తరం ఎటని అడిగితే, దయచేసి మౌనంగా పచ్చగా నవ్వకండి.

ఇట్లు,
ఫోన్‌లో దిక్సూచి పెట్టుకున్న ఒకడు