“ప్రాణాలు దక్కాయి కదా” అని మీరనకండి

అక్టోబరు వస్తే శ్రీకాకుళం తీరాన మా ఉద్దానంలో కళ్లన్నీ సముద్రం వైపే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడు తుపాన్లూ అక్టోబరులోనే. హుద్‌హుద్ దెబ్బ విశాఖ, విజయనగరాల మీద పడితే మావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. తిత్లీ మాత్రం మాకోసమే వచ్చినట్టు 11వ తేదీ తెల్లారకముందే పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుకట. పేరు పెట్టినవాళ్లకో దండం.

ఆ గాలికి పెరట్లో పనసచెట్టు మా పెంకుటింటి మీద పడింది. సరిగ్గా దాని కిందే అమ్మ రేకుపెట్టె. అందులో పెళ్లి ఫొటోలు, నాన్న మిలట్రీ నుంచి రాసిన ఇన్లాండు లెటర్లు. నాన్న లేరిప్పుడు. తీసి చూస్తే జానెడు నీళ్లు. అమ్మ ఆ ఉత్తరాలను చేటలో వడియాల్లా ఆరబెట్టింది. సిరా అంతా కరిగిపోయింది. ఒక్క ముక్క మీద మాత్రం “మనియార్డరు అందిందా, ఆవు ఈనిందా” అని మిగిలింది.

ఫొటోలు పాడుచేసింది నేనే. తడివాటిని దొంతరగా ఎండలో పెట్టేశాను, అట్టలా అతుక్కుపోయాయి. మంచినీళ్లలో నానబెట్టి, ఒక్కోటీ మెల్లగా విడదీసి నీడలో ఆరేయాలని తర్వాతెప్పుడో తెలిసింది. ఏం లాభం.

పరామర్శకొచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట. “ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు. వస్తువులదేముంది?” నిజమే, మాకు తెలీకనా? కానీ ఆ మాట పోగొట్టుకున్నవాళ్లు అనుకోవాలి. కారు దిగి, మా తోటలో కిందపడ్డ బొండమే కొట్టించుకు తాగి, మళ్లీ కారెక్కేవాళ్లు కాదు.

పక్కింటి అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) తోటలో కొబ్బరిచెట్లు వరసగా నేలకొరిగాయి. మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. మా వైపు కొబ్బరిచెట్టంటే పెద్దకొడుకు కింద లెక్క. నష్టం రాసుకోడానికి వచ్చినాయన వెంట నడుస్తూ అప్ప, ఏ చెట్టు ఎవరు పుట్టినప్పుడు వేసిందో చెప్పుకుంటూ పోయింది. ఆయన అంకె మాత్రం రాసుకున్నాడు. ఆయన్ననడానికీ లేదు, ఆ కాగితంలో అంతే జాగా.

సాయంత్రం అప్ప వచ్చి మా అమ్మ పక్కన చేట దగ్గర కూలబడింది. అమ్మకి సిగ్గేసింది. “నీ సెట్ల ముందు నా కాయితాలేటిలే అప్పా” అంది.

“ఓలమ్మా, సెట్లు మళ్లీ ఏసుకుంటాను. మీ ఆయన మళ్లీ ఉత్తరం రాత్తాడేటి?”

తుపానొచ్చాక అమ్మ మొదటిసారి గట్టిగా ఏడ్చింది ఆ మాటకే. ఆ రాత్రే కాస్త అన్నం కూడా తిన్నది. అప్పటినుంచీ “నాకన్నా పెద్ద కష్టం ఉన్నోళ్లు ఉన్నారు, నాదేపాటి” అనే లెక్క నా దగ్గర ఎవరు తెచ్చినా ఒప్పుకోను. తన తోట మొత్తం పోయిన మనిషే ఆ లెక్క వేయలేదు.

ఇప్పుడు మా పెట్టె అటకెక్కింది, లోపల అన్నీ ప్లాస్టిక్ కవర్లలో. ఆ ఒక్క ముక్క దేవుడి గూట్లో ఉంది. అప్ప మళ్లీ వేసిన మొక్కల్లో కొన్ని కాపుకొచ్చాయి. మొన్న రెండు కాయలు తెచ్చిచ్చి, “నీరు తక్కువే గానీ కండ బాగుంది, పచ్చడికి ఉంచుకోండి” అని చెప్పి వెళ్లింది.