మహారాజశ్రీ 9999 క్యాసెట్టు గారికి

బరంపురం నుంచి మీ పాత భక్తుడు వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు అటక మీద, ఊరగాయ జాడీకీ విరిగిన అప్పడాల కర్రకీ మధ్య క్షేమంగానే ఉన్నారని మొన్న బూజు దులుపుతుంటే తెలిసింది. పసుపుపచ్చ ఒళ్లు కాస్త గోధుమరంగుకి తిరిగింది. నొసటి మీద మీసాలాయన బొమ్మ సగం ఊడింది. మిగతాదంతా పూర్వపు దర్జాయే.

ముందు లెక్క తేల్చుకుందాం. మీలో 9999 వీడియో గేములున్నాయని మీరే రాసుకున్నారు. ఒక వేసవి సెలవంతా నేనూ మా బావా కూర్చుని లెక్కపెడితే ఏడు తేలాయి. ఎనిమిదోది మళ్లీ మొదటి ఆటే, కాకపోతే రెండో లెవెల్ నుంచి. పెళ్లి పంక్తిలో ఒకే పులిహోరని ఐదు బేసిన్లలో తెచ్చి ఐదు రకాలన్నట్టు. అయినా మేం చెయ్యి కడుక్కోలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ పొదుపు మీ కడుపులో ఉన్నవాళ్లకి పుట్టుకతోనే ఉంది. 1985లో వచ్చిన సూపర్ మారియో, అదే మీ మీసాలాయన ఆట, మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే మా మావయ్య పంపే గులాబీ పువ్వు దానికంటే బరువు. జాగా చాలక మబ్బునీ పొదనీ ఒకే బొమ్మతో కానిచ్చేశారు. తెల్లగా ఉంటే మబ్బు, ఆకుపచ్చగా ఉంటే పొద. మా నాయనమ్మ పెళ్లినాటి బరంపురం పట్టుచీర కూడా ఇలాగే మా అత్తకి పరికిణీ అయింది, ఆనక నాకు దిండుగలీబు అయింది. నాయనమ్మని మాత్రం ఎవరూ కళాకారిణి అనలేదు.

మీరు పలక్కపోతే బయటికి లాగి, నోటి దగ్గర పెట్టుకుని ఊదేవాళ్లం. పలికేవారు. ఊదడం వల్ల ఒరిగిందేమీ లేదనీ, తీసి మళ్లీ గుచ్చడమే పనిచేసిందనీ, పైగా మా నోటి తడికి మీ పళ్లు పాడవుతాయనీ పెద్దయ్యాక తెలిసింది. అంటే ప్రాణం పోస్తున్నామనుకుంటూ అన్నేళ్లూ తీస్తూ వచ్చామన్నమాట. కాంట్రా అనే తుపాకుల ఆటలో 30 ప్రాణాలిచ్చే ఆ మీటల మంత్రం, పైకి పైకి కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ, ఇప్పటికీ నిద్దట్లో లేపి అడిగినా చెప్తాను. గాయత్రి మధ్యలో తడబడతాను.

ఇప్పుడు నేను కలెక్టర్ని. ఆ ముక్క ఇంట్లో చెప్పినరోజు నాయనమ్మ ఛత్రపురంలో జిల్లా కలెక్టరు బంగళా ఊహించుకుని దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. పాత గేముల కలెక్టరని తెలిశాక ఆ కొబ్బరితో పచ్చడి చేసి, నాకు వెయ్యలేదు.

మా కలెక్టర్ల జాతికి మొదటి నియమం, ఆటని ఆడకూడదు. 2021లో అమెరికాలో సూపర్ మారియో 64, సీలు విప్పని డబ్బా ఒకటి, వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. ఏ పిల్లాడూ దాని మీద చెయ్యి వెయ్యకపోవడమే దాని ఘనత. వీడియో గేములు ఎప్పటికీ కళ కాలేవని సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010లో రాశాడు. 2012లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం పాక్‌మాన్, టెట్రిస్‌తో కలిపి 14 ఆటల్ని తన సేకరణలో చేర్చుకుంది. కొన్నిటిని వచ్చినవాళ్లని ఆడనిచ్చారు కూడా. మా జాతికి మింగుడుపడనిది అదే.

మా తాత గంజపా అనే పాతకాలపు పేకాట ఆడేవాడు. గుండ్రటి ముక్కలు. గుడ్డకి చింతగింజల జిగురూ సుద్దా పట్టించి, బొమ్మలేసి, లక్క పూసినవి. దశావతారాల జత, అవతారానికి 12 చొప్పున 120 ముక్కలు. ఓడినప్పుడు అరుగు మీంచి వీధిలోకి విసిరికొట్టేవాడట. పనీపాటా లేని పేకాటరాయుడని వీధంతా తిట్టింది, నాయనమ్మ ముందు నిలబడి మరీ తిట్టింది. అదే జత ఇప్పుడు మా పెదనాన్న హాల్లో అద్దం వెనక ఉంది. వచ్చినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని చూస్తారు, 'ఎంత కళ!' అంటారు. ఎలా ఆడాలో ఆ ఇంట్లో ఒక్కరికీ రాదు. కళ అనిపించుకోవాలంటే ముందు ఆట వచ్చినవాళ్లు పోవాలి కాబోలు. రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో పులివేషం కట్టి గెంతేవాణ్ణి ఆపి, బాబూ ఇది కళేనా అని ఎవరూ అడగరు. అడిగితే తోకతో కొడతాడు.

మీకూ అద్దం పెట్టిద్దామని బడాబజారులో ఫ్రేము పురమాయించి వచ్చాను. తిరిగొచ్చేసరికి తొమ్మిదేళ్ల మా మేనల్లుడు మిమ్మల్ని గోడ టీవీకి తగిలించి బాతుల్ని కాలుస్తున్నాడు. ఆ తుపాకి పాత డబ్బా టీవీల వెలుగుని బట్టి పనిచేసేది, ఈ పలక టీవీ మీద ఒక్క గుండూ తగలదు. నిలబడి కాల్చాడు, కూర్చుని కాల్చాడు, తెరకి తుపాకి ఆనించి కాల్చాడు. బాతులు ఎగిరిపోతున్నాయి, కుక్క పైకి లేచి నవ్వుతోంది. వాడూ కుక్కతోపాటు పడీపడీ నవ్వుతున్నాడు. అంతలో మీరు మూగబోయారు. నేను వద్దంటూ ఉండగానే వాడు మిమ్మల్ని బయటికి లాగి, నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. ఎవరు నేర్పారో మరి. నేనైతే కాదు.

ఇట్లు,
30 ప్రాణాలూ కాంట్రా జలపాతం దగ్గరే పోగొట్టుకున్న
మీ కలెక్టరు

తా.క.: ఫ్రేముకిచ్చిన అడ్వాన్సు వాపసివ్వనంటున్నాడు. దిండుగలీబు కొలతలు పంపాను.