పాత కథలూ ముదిరే ఎండలూ

చదివేవాళ్లు తగ్గిపోయారని ప్రతి తరమూ తన తర్వాతి తరం గురించి అంటూనే ఉంది. అది ఎంత నిజమో తేల్చే పని మేం పెట్టుకోవడం లేదు. చదువుతున్నవాళ్లు ఏం చదువుతున్నారన్నది అంతకంటే ఆసక్తికరమైన ప్రశ్న. పాఠకులు ఈమధ్య ఒకరికొకరు చెప్పుకుంటున్న పుస్తకాల పేర్లలో ఒక వింత జత కనిపిస్తోంది. రష్యన్ రచయిత చెహోవ్, ఫ్రెంచ్ రచయిత మొపాసా, మన ఠాగూర్ నూరేళ్ల కిందట రాసిన కథలు ఒక పక్క. భూతాపం, కరువులు, కరిగే మంచు గురించి నిన్నమొన్న వచ్చిన పుస్తకాలు ఇంకో పక్క. చాలాసార్లు ఈ రెండూ చదివేది ఒకే మనిషి.

బహుమతులిచ్చే న్యాయనిర్ణేతల మనసూ ఇటే ఉన్నట్టుంది. 2024 బుకర్ బహుమతి సమంతా హార్వే రాసిన ‘ఆర్బిటల్’ అనే చిన్న నవలకు దక్కింది. అంతరిక్ష కేంద్రంలో ఉన్న ఆరుగురు ఒక్క రోజులో భూమి చుట్టూ 16 సార్లు తిరుగుతూ, కింద ముంచుకొస్తున్న తుపానును చూస్తూ ఉండటమే అందులో కథ. 2025లో ఇంటర్నేషనల్ బుకర్ బాను ముష్తాక్ కన్నడ కథలకు, దీపా భాస్తి చేసిన ‘హార్ట్ ల్యాంప్’ అనువాదానికి వచ్చింది. ఒక కథల సంపుటికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. వాతావరణ మార్పు ఇతివృత్తంగా వచ్చే నవలలకు ప్రత్యేకంగా పెట్టిన క్లైమేట్ ఫిక్షన్ ప్రైజ్‌ను ఇవ్వడం మొదలైందీ ఆ ఏడాదే.

పాత కథలకు గిరాకీ రావడానికి సగం కారణం చాలా మామూలుది. అవి చిన్నవి, పైగా ఉచితం. కథ అన్నది అరగంట నుంచి రెండు గంటల్లో, ఒకే విడతలో చదివేయగలిగేలా ఉండాలని అమెరికన్ కథకుడు ఎడ్గార్ అలన్ పో 1842లో ఒక సమీక్షలో రాశాడు. ఫోన్ తెర ఆయన ఊహకు కూడా అందనిది గానీ, ఆ కొలత మాత్రం దానికి అచ్చంగా సరిపోయింది. కాపీరైట్ గడువు తీరిన పుస్తకాలు ఎవరైనా, ఎక్కడైనా పెట్టుకోవచ్చు. 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత ఈ-పుస్తకాల భాండారంలో అలాంటివి 70 వేలు దాటాయి. 2005లో వచ్చిన లిబ్రివాక్స్‌లో స్వచ్ఛందంగా గొంతు అరువిచ్చినవాళ్లు చదివిన కథలు వినొచ్చు కూడా. మిగతా సగం కారణం, చదవడం ‘పూర్తయింది’ అన్న తృప్తి. సగంలో ఆగిపోయిన లావుపాటి పుస్తకం అటు చూసినప్పుడల్లా మనల్ని ఎలా దెప్పుతుందో తెలియనిదెవరికి?

ఆ దెప్పిపొడుపు ఎక్కువగా వినిపించేది వాతావరణ పుస్తకాల నుంచే. భూతాపం గురించి సామాన్య పాఠకుల కోసం వచ్చిన తొలి పుస్తకాల్లో బిల్ మెకిబెన్ 1989లో రాసిన ‘ది ఎండ్ ఆఫ్ నేచర్’ ఒకటి. ఆ తర్వాత అవి ఏటేటా పెరిగాయి. కార్ల్ మార్క్స్ చివరి నోటు పుస్తకాల ఆధారంగా, ఆర్థిక వృద్ధి వెంట పరుగు ఆపాలంటూ కోహెయ్ సైటో 2020లో జపనీస్‌లో రాసిన పుస్తకం 5 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. బరువైన పుస్తకాలు ఎవరూ కొనరన్న వాదన అక్కడితో తేలిపోయింది. కొంటున్నారు. చివరిదాకా చదువుతున్నారా అన్నదే అనుమానం.

ఈ పుస్తకాలు స్థూలంగా రెండు గొంతులతో మాట్లాడతాయి. ఒకటి హడలగొట్టేది. డేవిడ్ వాలెస్-వెల్స్ 2019లో తెచ్చిన ‘ది అనిన్‌హాబిటబుల్ ఎర్త్’ అలాంటిది. వేడి, ఆకలి, కార్చిచ్చులు, మునిగే తీరాలు అధ్యాయం వెంట అధ్యాయం మీదపడతాయి. రెండోది ధైర్యం చెప్పేది. గణాంకాలు చేతిలో పెట్టుకుని, ఇప్పటికే సాధించినవి చూపిస్తూ హానా రిచీ రాసిన ‘నాట్ ద ఎండ్ ఆఫ్ ద వరల్డ్’ ఈ కోవలోది. రెండింటికీ విలువ ఉంది. అయితే భయం కొంతసేపటికి అలసటగా మారుతుంది. ధైర్యం ఒక్కోసారి ‘ఎవరో ఒకరు చూసుకుంటారులే’ అన్న నిశ్చింతకు దారి తీస్తుంది. మాకు కనిపించే పెద్ద లోటు వేరే ఉంది. రెండు గొంతుల్లోనూ అంకెలు నిలబడినంత గట్టిగా మనిషి నిలబడడు.

ఇక్కడే చెహోవ్ దగ్గరికి వెళ్లాలి. కథల చెహోవ్ కాదు, నాటకాల చెహోవ్. 1897లో అచ్చయిన ‘అంకుల్ వాన్యా’లో ఆస్త్రోవ్ అనే డాక్టరు ఉంటాడు. వైద్యం చేస్తూ తీరిక దొరికితే చెట్లు నాటుతాడు. అడవులు తరిగిపోతున్నాయి, నదులు ఎండిపోతున్నాయి, వాతావరణం పాడైపోతోంది అని మొదటి అంకంలోనే వాపోతాడు. మూడో అంకంలో తాను గీసిన పటాలు తెచ్చి, ఆ ఇంట్లో ఉంటున్న ప్రొఫెసర్ భార్య యెలీనాకు చూపిస్తాడు. యాభై ఏళ్ల కిందట తమ జిల్లా ఎలా ఉండేది, పాతికేళ్ల కిందటికి ఎంత అడవి మిగిలింది, ఇప్పుడేముంది అని రంగుల్లో విడమరుస్తాడు. ఇంకో పది పదిహేనేళ్లలో నాశనం పూర్తవుతుందని లెక్క కూడా కడతాడు. ఈనాటి వాతావరణ పుస్తకాల్లో కనిపించే గ్రాఫుకు ముత్తాత లాంటిదది.

ఆస్త్రోవ్ వాదన కూడా ఈనాటిదే. కొట్టేసిన అడవి చోట రోడ్లు, రైళ్లు, ఫ్యాక్టరీలు, బడులు వచ్చి, జనం ఆరోగ్యంగా, సుఖంగా బతుకుతుంటే అర్థం చేసుకోగలను అంటాడు. అలాంటివేమీ రాలేదు. ఉన్నది అదే బురద, అదే రోగం, అదే దరిద్రం. చలికీ ఆకలికీ తాళలేని మనిషి రేపటి సంగతి తలచకుండా చేతికందింది నరికేస్తున్నాడు. పర్యావరణమా, పేదరికమా అని ఇవాళ అంతర్జాతీయ సదస్సుల్లో తెల్లవార్లూ తెగని చర్చ ఒక పల్లెటూరి డాక్టరు నోట నాలుగు వాక్యాల్లో ఉంది.

అసలు విషయం ఆ తర్వాత జరుగుతుంది. యెలీనా వినడం లేదు. ఆమె మనసు ఇంకెక్కడో ఉంది. ఆస్త్రోవ్ ఆమె ముఖం చూసి, మీకిది ఆసక్తిగా లేదని తెలిసిపోతోందంటూ ఆపేస్తాడు. నిజం చెప్పినంత మాత్రాన వినేవాళ్లు దొరకరని చెహోవ్‌కు తెలుసు. ఆ విసుగును కూడా నాటకంలో పెట్టేశాడు. భూతాపం మీద రాసే ప్రతివాళ్లూ పుస్తకం మొదలుపెట్టే ముందు ఈ ఒక్క దృశ్యం చదివితే బాగుంటుందని మా అభిప్రాయం. లోపం యెలీనాదని కొట్టిపారేయడం తేలిక. ఆమె లాంటివాళ్లే మనలో ఎక్కువమంది. పొద్దున లేస్తే ఎవరి గొడవలు వాళ్లవి.

మరి యెలీనా వినేలా చెప్పడం ఎలా? ఠాగూర్ 1928లో రాసిన ‘బలాయి’ అనే చిన్న కథ ఒక దారి చూపిస్తుంది. తల్లి లేని పిల్లవాడు బాబాయి ఇంట్లో పెరుగుతుంటాడు. తోటలో నడిచే దారి మధ్యలో ఒక బూరుగు మొక్క మొలుస్తుంది. అడ్డమని బాబాయి కొట్టేయబోతే, పిన్నిని బతిమాలి దాన్ని కాపాడుకుంటాడు. తర్వాత తండ్రి వచ్చి పిల్లవాణ్ని దూరం తీసుకెళ్లిపోతాడు. విదేశానికి వెళ్లబోయే ముందు బలాయి పిన్నికి ఉత్తరం రాస్తాడు: నా స్నేహితుడి ఫొటో ఒకటి పంపమని. ఆ స్నేహితుడు చెట్టే. అప్పటికే బాబాయి దాన్ని కొట్టించేశాడు. పిన్ని రెండు రోజులు అన్నం ముట్టదు.

ఆ కథలో హెచ్చరికలు లేవు, అంకెలు లేవు. దుర్మార్గుడు కూడా లేడు. కథ చెప్పేది బాబాయే, మంచివాడే. చెట్టు దారికి అడ్డంగా, చూడ్డానికి ఏమీ బాగాలేకుండా ఉంది కాబట్టి కొట్టించాడు, అంతే. చెట్టు కొట్టిన చేతి వైపు నుంచి కథ చెప్పించడంలోనే ఠాగూర్ గడుసుతనం ఉంది. చదివేవాళ్లు బలాయి మీద జాలిపడుతూనే, తాము బాబాయి చోట నిలబడి ఉన్నామని ఆలస్యంగా గ్రహిస్తారు. ఎన్ని వందల పేజీల నివేదికలు ఈ పని చేయగలిగాయి?

ఈ మెలకువ తెలిసిన శాస్త్రవేత్త ఒకరున్నారు. పురుగుమందుల విషాన్ని బయటపెట్టిన ‘సైలెంట్ స్ప్రింగ్’ను రేచెల్ కార్సన్ 1962లో పట్టికలతో మొదలుపెట్టలేదు. వసంతం వచ్చినా పక్షులు కూయని ఒక ఊహా పట్టణం కథతో మొదలుపెట్టారు. అలాంటి పట్టణం ఎక్కడా లేదు, కానీ అందులోని ప్రతి విపత్తూ ఎక్కడో ఒకచోట జరిగిందే అని వెంటనే ఒప్పుకున్నారు. ఆ తర్వాతే ఆధారాలు, రసాయనాల పేర్లు. పదేళ్లకు, 1972లో, అమెరికా పొలాల్లో డీడీటీ అనే పురుగుమందు వాడకాన్ని నిషేధించింది. ఆ పుస్తకం ఒక్కటే అందుకు కారణం కాకపోవచ్చు. జనం వినడం మొదలుపెట్టింది మాత్రం అక్కడే.

కొత్త రచయితలకు ఇదంత తేలిక కాదన్నది నవలాకారుడు అమితావ్ ఘోష్ వాదన. 1978 మార్చిలో ఢిల్లీలో ఆయన ఒక టోర్నడోలో చిక్కుకున్నారు. ఆ అనుభవాన్ని నవలలోకి తేవాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదని, కథలో పెడితే ఎవరూ నమ్మరనిపించిందని 2016 నాటి ‘ది గ్రేట్ డిరేంజ్‌మెంట్’లో రాశారు. మామూలు రోజుల మామూలు బతుకే నిజమని ఆధునిక నవల నమ్మింది కాబట్టి ప్రకృతి బీభత్సానికి అందులో చోటు లేకుండా పోయిందంటారు. వాదన బలమైనదే. దానికి జవాబు మాత్రం మన తెలుగు కథలోనే ఉంది. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. అందులో తుపానును ఎవరూ అనుమానించరు. ఎందుకంటే అది కొలిచేది గాలి వేగాన్ని కాదు, క్రమశిక్షణతో తన చుట్టూ గోడ కట్టుకున్న ఒక పెద్దమనిషిని.

అయితే కథను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఒక రాత్రి తుపాను వేరు, వాతావరణం మారడం వేరు. దీన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు 30 ఏళ్ల సగటు తీస్తారు. కథకు అంత ఓపిక ఉండదు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనాలోవా కొండ మీద కొలత మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 315 దాకా ఉండేది. ఇప్పుడు 420 దాటింది. తండ్రి మొదలుపెట్టిన ఆ పనిని కొడుకు రాల్ఫ్ కీలింగ్ కొనసాగిస్తున్నారు. ఎవరైనా రాస్తే అదీ మంచి కథే. కానీ ఆ గీత పైకి పాకుతోందని మనకు చెప్పింది కథకుడు కాదు, కొలత.

2024లో భూమి సగటు వేడి, పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయి కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. వేడి 1.5 డిగ్రీలు దాటకుండా చూడాలని 2015 పారిస్ ఒప్పందంలో దేశాలు గీసుకున్న గీత చెరిగిపోయినట్టేనా? కాదు. ఆ గీత ఒక్క ఏడాదిది కాదు, దీర్ఘకాలపు సగటుది. ఈ తేడా వార్తా శీర్షికలో ఇమడదు, కథలో అసలే ఇమడదు. దానికి పుస్తకమే కావాలి. ఆ పుస్తకం ఎప్పుడు వచ్చిందో, లెక్కలు ఎక్కడివో కూడా పాఠకులు చూసుకోవాలి. పదేళ్ల నాటి పుస్తకంలో వాదన నిలవొచ్చు గానీ, సౌర విద్యుత్ ధర నిలవదు. కల్పనకు పనికొచ్చే తెలివే అబద్ధానికీ పనికొస్తుందని మరవకూడదు. పొగాకు కంపెనీల తరఫున అనుమానాలు నాటిన కొందరు శాస్త్రవేత్తలే భూతాపం విషయంలోనూ అదే పని ఎలా చేశారో నయొమీ ఒరెస్కెస్, ఎరిక్ కాన్వే 2010లో ‘మర్చెంట్స్ ఆఫ్ డౌట్’లో వివరంగా రాశారు. వాళ్లు అల్లినవీ కథలే.

అందువల్ల ఈ రెండు రకాల పుస్తకాలూ ఒకే చేతిలో ఉండటం మాకు సంతోషంగా ఉంది. గ్రంథాలయాలు వీటిని వేర్వేరు గదుల్లో పెట్టడం, ప్రచురణకర్తలు ఒకటి ‘సాహిత్యం’, ఇంకొకటి ‘సైన్స్’ అని విడగొట్టడం మానితే ఇంకా సంతోషం. అంతకంటే పెద్ద చిక్కు భాషది. చెహోవ్, టాల్‌స్టాయ్ మనదాకా ఊరికే రాలేదు. సోవియట్ కాలంలో మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అనువాదకులను కూర్చోబెట్టి తెలుగుతో సహా ఎన్నో భాషల్లో అచ్చు వేయించాయి. వాళ్ల రాజకీయ ఉద్దేశాలు వాళ్లకుండొచ్చు, పాఠకులకు మాత్రం కథలు దక్కాయి. వాతావరణ విజ్ఞానానికి ఆ యోగం లేదు. వాతావరణ మార్పు మీద శాస్త్రీయ పరిశోధనలను మదింపు చేసే, ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని ఐపీసీసీ అనే సంఘం నివేదికలు వేల పేజీలుంటాయి. ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని వాక్యం వాక్యం ఆమోదించే సారాంశం మాత్రం కొన్ని పదుల పేజీలే. ఐక్యరాజ్యసమితి అధికారిక భాషలు ఆరు: అరబిక్, చైనీస్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్. మనది అందులో లేదు, ఎండలకు ముందుగా మాడిపోయే కోట్లమంది భాషలూ లేవు.

ఇది విశ్వవిద్యాలయాలు, భాషా సంస్థలు పూనుకుంటే అయ్యే పనే. ఒక శాస్త్రవేత్తనూ ఒక కథకుణ్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరికీ తగిన పారితోషికమిచ్చి, ఆ పదుల పేజీలను చదవగలిగే భాషలోకి తెప్పించాలి. ఏడో నివేదిక తయారీ ఇప్పటికే మొదలైంది. ఆరోదే ఇంకా చాలా భాషల గుమ్మం తొక్కలేదు.